మామకు వినబడని ఏడుపు

మా మేనమామ పోయాడు. చెరుకు కోతలు మొదలయ్యాయో లేదో, చాయ్ తాగుతూ తాగుతూ కూర్చున్నచోటే ఒరిగిపోయాడని అత్త బార్డోలీ నుంచి ఫోన్ చేసింది. గోడాదరాలో మా గదిలో నేను చీరకు లేసు కుడుతున్నాను. "మీ మామ మనల్ని ఇడిసిపెట్టి పోయిండే" అన్న మాట ఒక్కటే అర్థమైంది.

మరమగ్గాల షెడ్డులో పనిచేసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు, ఆ చప్పుడు చెవుల్ని తినేస్తుంది. మామవి రెండూ తినేసింది. షెడ్డు యజమాని సేఠ్ ఇక పనికి రావొద్దన్నాక, బార్డోలీ దగ్గర ఒక రైతు చెరుకు తోటలు చూసుకునే పనికి కుదిరాడు. మనిషి మాత్రం హుషారు. "ఇగ మీ అత్త ఎంత ఒర్రినా నాకు ఫికర్ లేదు" అని నవ్వేవాడు.

అక్కడ కోతకు ముందు ఎండాకు తగలబెడతారు, నరకడం తేలికవుతుందని. లోపలి జీవాలు పారిపోవాలని మొదటి ఏడు మామ పళ్లెం వాయిస్తూ తోట చుట్టూ తిరిగాడు. ఏ అలికిడీ లేదనుకుని తనే నిప్పు పెట్టాడు. అన్నం తెచ్చిన అత్త గట్టు మీంచి "ఆపుండ్రి, లోపల కూనలు ఏడుస్తున్నయ్" అని మొత్తుకుంది. మామకు అదీ వినబడలేదు. మంట చల్లారాక దొరికాయి, కళ్లయినా తెరవని అడవిపిల్లి కూనలు. పళ్లెం మోతకు తల్లి పారిపోయింది, పాపం అవెక్కడికి పోతాయి? మామ వాటిని తన తువ్వాలలో చుట్టి గట్టు పక్కన పూడ్చాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

తర్వాత ప్రతి కోతకూ నాకు ఫోన్ చేసి, నా జవాబు ఎలాగూ వినబడదని తన మాట చెప్పి పెట్టేసేవాడు. "బిడ్డా, నీ చెవులు పట్టుకొని రాయే." బస్సెక్కి పోయేదాన్ని. పళ్లెం మానేశాడు. కూలీలందరి నోళ్లూ మూయించేవాడు. నేను చెయ్యెత్తి సాళ్ల వెంట నడుస్తూ, ఆగి ఆగి వినేదాన్ని. నా చెయ్యి దిగితేనే నిప్పు. మామ పక్కనే నడుస్తూ నా మొహంలోకే చూసేవాడు. "ఏమన్న ఇనవడ్తుందా? జర మంచిగ ఇను." ఒకసారి కూనలు దొరికితే ఆ మూలంతా తగలబెట్టకుండానే నరికించాడు. ఆలస్యమైందని రైతు ఒకటే తిట్లు. మామ నావైపు తిరిగి "నాకేం ఇనవడ్తలేదు, నీకు?" అని కన్ను గీటాడు.

దినాలైన మర్నాడే మిగిలిన తోట తగలబెట్టాల్సి వచ్చింది. "ఆయన లేకున్నా నువ్వు ఇనాలె బిడ్డా" అని అత్త తీసుకెళ్లింది. కూలీలు అగ్గిపెట్టెలతో గట్టు మీద నిలబడ్డారు, ఎవరూ చెప్పకుండానే నోళ్లు మూసుకున్నారు. చెయ్యెత్తి సాళ్లలోకి నడిచాను. పక్కన మామ లేడు. ఎంత ఆపుకున్నా ఏడుపు ఆగలేదు. అది తప్ప నాకింకేమీ వినబడలేదు. లోపల ఏమైనా ఉందో లేదో తెలియలేదు. అందరూ నా చేతి వైపే చూస్తున్నారు. నేను దించలేదు.