నడిమి కడ్డీ మీద బొట్టు

మా మేనత్త పోయిన సోమవారం ప్రొద్దుటూరులో, తన ఇంట్లోనే, నిద్రలో వెళ్లిపోయింది. బంధువులకు కబురు రాస్తూ ‘కన్నుమూసింది’ అనే మాట దగ్గర నా చేయి ఆగింది. ఆ కళ్ల కోసం ఆమె పడిన పాట్లు నాకు తెలుసు. ‘పోయింది’ అని మాత్రం రాశాను.

అమ్మ లేని మమ్మల్ని పెంచింది ఆమే. తల దువ్వుతూ తిట్టేది. తిట్లు అయ్యేసరికి జడ కూడా అయ్యేది.

నాలుగేళ్ల కిందట ఒకరోజు కిటికీ ముందు నిలబడి, “ఏమ్మే, ఈ కడ్డీ వంచినోళ్లు ఎవరే?” అంది. కడ్డీ నిలువుగానే ఉంది. “కంట్లో పొర వచ్చుంటాది అత్తా. ముదరనీ, తీపిద్దాం” అన్నాను. ఇంటికి పెద్దదాన్ని, నా మాటే అందరూ విన్నారు.

అలా నెలలు ఆగి కర్నూలుకు తీసుకుపోతే, పొర కాదన్నాడు డాక్టరు. వయసు మీదపడ్డాక కంటి వెనక తెరలో నడిమి చోటు దెబ్బతినే జబ్బట. “ఎడమ కంటికి ఆలస్యమైంది. కుడి కన్నయినా కాపాడుకోండి. రోజూ ఎడమ కన్ను మూసి కిటికీ కడ్డీలు చూడండి. వంకరగా కనపడితే అదే రోజు బయల్దేరండి, కంట్లో సూదిమందు వేసి ఆపుతాం.”

అత్త నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికి రాగానే, చూపు ఆన్చడానికి, ఏడు కడ్డీల్లో నడిమిదానికి కుంకుమ బొట్టు పెట్టింది. రోజూ దాన్ని వేలితో తడిమి, ఆ తర్వాత చూసేది.

“కడ్డీకి పూజలేంది అత్తా?”

“నీ దేవుడు పలుకుతాడో లేదో, నా దేవుడు దినామూ జవాబు చెప్తాండాడు.”

పులివెందులలో నా పూజ కాగానే ఫోను మోగేది. “ఏడూ నిలువుగానే ఉండాయిమ్మే.” అంతే, పెట్టేసేది. ఆ మాట వినేదాకా నాకు కాఫీ దిగేది కాదు.

జమ్మలమడుగులో తమ్ముడి గృహప్రవేశం రోజు, భోజనాల వేళకు వస్తానన్న అత్త నుంచి ఫోను రాలేదు. నేనే చేశాను. అత్త ఎత్తింది.

“బొట్టు కాడ వంగినట్టుండాది. వాని పాలు పొంగనీ, రేపు చెప్దామనుకుంటి.”

“ఒక్క దినానికి ఏమైతాదక్కా?” అన్నాడు తమ్ముడు.

“ముదరనీ అన్నది నేను. ఒక కన్ను పోయింది. ఎవరినైనా కారు తియ్యమను.”

దారిలో అత్తను ఎక్కించుకున్నాం. కర్నూలు దాకా ఆమె కుడి కన్ను ఆర్పనే లేదు. “కంట్లో సూదంట గదే. సంపుతావా నన్ను?” అని నా చేయి పిసికింది. లోపల జపం చేసుకుంటున్నాను. లెక్క తప్పింది.

ఆ సూదులతో కన్ను నిలిచింది. కొంచెం మసక మిగిలినా, చివరిదాకా మా మొహాలు గుర్తుపట్టి తిట్టింది. మీ ఇంట్లో పెద్దవాళ్లు కడ్డీ వంగిందంటే, పొర అనుకుని ఆగకండి.

మూడోనాటి పొద్దున ఆమె కిటికీ ముందు నిలబడ్డాను. రక్తసంబంధం కాబట్టి నన్నూ చూసుకోమన్నాడు డాక్టరు. ఒక కన్ను మూసి చూశాను, తర్వాత రెండోది.

“ఏడూ నిలువుగానే ఉండాయి అత్తా.”

బొట్టు ఇంకా ఉంది. ఆమె వేలు తగిలి తగిలి నడిమంతా అరిగిపోయింది. చుట్టూ అంచు మాత్రం ఎర్రగా మిగిలింది.