బండ్లకెత్తిన మా కోట

అరబ్బు దేశంలో లారీ తోలే నేను, కర్జకాన్‌లో సామాను దింపి తుబ్లీలోని కూలీల క్యాంపుకు తిరిగొస్తుంటే నాలుగు చినుకులు పడి, దారి పక్క పాత సమాధి దిబ్బల నుంచి తడిమట్టి వాసన లేచింది. బండి ఆపి, కంచె సందులోంచి చెయ్యి పెట్టి ఓ కుండపెంకు అందుకున్నానో లేదో, హైదరాబాదీ కాపలావాడు ఉరికొచ్చాడు.

"చాచా, కింద వెట్టు! కేసైతది!"

"పెంకే గద భాయ్."

"పెంకు గాదు, వేల ఏండ్ల సామాను."

నేను అలాంటి పెంకుల మీద ఉచ్చ పోసి పెరిగినవాణ్ని.

జగిత్యాల పక్క మా ఊళ్లో ఆకాశాన్ని గీరే మట్టికోట ఉండేది. ఆకాశం అన్నానా, గట్టిగా అడిగితే తాటిచెట్టంత అనుకోండి. రాయన్నది లేకుండా, ఎవరో ఏనాడో చుట్టూ కందకం తవ్వి, ఆ మన్నునే గుట్టగా పోసి కట్టింది. వానలు తగ్గేసరికి దాని ఒంటినిండా తంగేడు పూసేది, బతుకమ్మనాడు ఆడవాళ్లు పైకెక్కి ఆడి దిగేసరికి మలీద ముద్దల బెల్లం వాసన, తొక్కిన గడ్డి వాసన కలిసి మా అంగీలకు పట్టేవి, మేం తాటిమట్టల మీద కూర్చుని కందకం దాకా జారి, లాగులు చింపుకొని, దొరికిన పూసల కోసం కొట్టుకునేవాళ్లం. నాకోసారి రాజుగారి కత్తి దొరికింది. కత్తి కాదు లెండి, తుప్పు మేకు.

ఎండాకాలం రాగానే ఊరంతా ఎడ్లబండ్లు కట్టుకొని కోట మీద పడేది. పాతకాలం మనుషులు మసలిన చోటి మన్ను, అదే పాటిమన్ను, చేలో పోస్తే ఎరువును మించిన బలం. గడ్డపార దింపేముందు మా నాయనమ్మ కోటకు పసుపు కుంకుమ పెట్టి, "తల్లీ, ఒక్క బండెడే" అని మొక్కేది. ప్రతి ఇంటి నాయనమ్మా అలాగే మొక్కేది.

సెలవుకు వెళ్లినా అటువైపు పోయి ఏళ్లయింది. ఆ సాయంత్రమే అన్న కొడుక్కి ఫోన్ చేశాను.

"ఈడ మట్టిదిబ్బలకు కంచె ఏసిన్రురా. మన కోటకు గూడ ఏపియ్యి, పాత కోటలు జూసే ఆఫీసుల దరఖాస్తు వెట్టు."

వాడు వీడియో పెట్టి, అక్కడిదాకా నడిచెళ్లి, చదునైన పత్తిచేను చూపించాడు.

"కోట యాడరా?"

"ఇదే కాకా. పోయిన ఎండకాలం ఆఖరి ట్రాక్టర్లు నింపిన్రు."

కనీసం గుర్తుకు ఒక బోర్డయినా పెట్టించమని బతిమాలాను. ఇవాళ ఆఫీసుకు వెళ్లొచ్చి వాడే ఫోన్ చేశాడు. బోర్డు పెట్టాలంటే ఫోటో అన్నా, కొలతన్నా కావాలన్నారట. ఫోటో ఎవరూ తీయలేదు. కొలత చెప్పడానికి ఊళ్లో పాతవాళ్లెవరూ మిగల్లేదు.

"ఎచ్చులు బంద్ వెట్టి నిజం జెప్పు కాకా. ఎంతెత్తుండె?"

నేను పెరిగినకొద్దీ అది తరుగుతూ వచ్చింది. ఏ ఏటి ఎత్తని చెప్పను?