హనుమండ్లు దిగిన బాయి

నస్పూర్ హనుమండ్లు నీళ్లలో కాలు పెట్టకుండానే ఈతగాడయ్యాడు. శ్రీరాంపూర్ బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాక, గోదావరి రేవులో పడవలు నడిపించే శరత్‌చంద్ర దగ్గరికి పని అడగడానికి వెళ్లాడు.

"నీళ్లంటే భయం లేదు గద?" అన్నాడు హైదరాబాద్ నుంచి వచ్చిన శరత్‌చంద్ర.

"ముప్పై ఏండ్లు బాయిల దిగినోన్ని సారూ, నాకు భయమేంది?"

మా దిక్కున బాయి అంటే బొగ్గు గని. ఆయన నీళ్ల బావి అనుకున్నాడు. "అయితే ఈత మంచిగ వస్తదన్నట్టు" అంటూ 'రక్షకుడు' అని రాసిన ఎర్ర చొక్కా చేతిలో పెట్టాడు. కాదని చెప్పడానికి ఒక్క మాట చాలు. హనుమండ్లు ఆ మాట మింగేశాడు.

చొక్కా తొడిగాక మనిషికి పట్టపగ్గాలు లేవు. గనిలో టోపీ లేనివాళ్లను తిట్టినట్టే, పడవలో లైఫ్ జాకెట్ వేసుకోనివాళ్లను తిట్టేవాడు. తను ఈత నేర్చుకోవడానికి మాత్రం మూడేళ్లలో ఒక్క పూట దొరకలేదట. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

మొన్న శనివారం పడవ దిగిన రాజయ్య అనే ముసలాయన, జాకెట్ విప్పి ఇచ్చి నాలుగడుగులు వేశాడో లేదో, రేవు చెక్కల మీద జారి నీళ్లలో పడ్డాడు. హనుమండ్లు ట్యూబు విసిరాడు. అది దూరంగా పడింది. ఇక అతని కాళ్లు కదల్లేదు. ఒడ్డున చేపలమ్మే కనకవ్వ చీర ఎగ్గట్టి దూకి, ముసలాయనను జుట్టు పట్టి లాక్కొచ్చింది.

"గట్లనే నిలవడ్డవేంది తమ్మీ?" అంది రొప్పుతూ.

"కాలు పట్టేసిందక్కా."

మరునాడు ఆమె నువ్వుల నూనె కాచి తెచ్చింది. అతన్ని రేవు మెట్ల మీద కూర్చోబెట్టి, అందరూ చూస్తుండగా పిక్క రుద్దసాగింది. హనుమండ్లు సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఇడువక్కా. కాలు మంచిగనే ఉన్నది. నాకు ఈత రాదు."

కనకవ్వ చేతులు ఆగాయి.

"నా మనుమరాలు రోజూ గీ పడవలనే బడికి పోతది. నువ్వున్నవని నేను ఒక్కనాడు ఫికర్ చెయ్యలే."

ఆమె తిట్టినా బాగుండేది. నూనె చేతులు కొంగుకు తుడుచుకుని చేపల గంప దగ్గరికి వెళ్లిపోయింది.

హనుమండ్లు అక్కడే చొక్కా విప్పాడు. బనియన్ మీదే వెళ్లి, దాన్ని శరత్‌చంద్ర బల్ల మీద పెట్టాడు.

"ఏమైంది?"

"నేను దిగింది బొగ్గు బాయి సారూ. గా ముచ్చట చెప్పేతందుకు నాకు మూడేండ్లు పట్టింది."