మా ఇంటి ఆకుపచ్చ డ్రైవరు

పావగడ బస్టాండు దగ్గర కళ్లజోళ్ల అంగడిలో జోడుతో పాటు ఇచ్చే డబ్బాకు మూత సరిగా పడదు. నొక్కితే పడుతుంది, చెయ్యి తీస్తే లేస్తుంది. అడిగితే అంగడాయన "డబ్బా ఊరికే ఇస్తా ఉండాం గదప్పా" అంటాడు. ఊరికే ఇచ్చినదానికి మూత కూడా పడాలనడం అత్యాశే, ఒప్పుకుంటాను. అయినా మా నాయనకు జోడు కొనిచ్చిన రోజు నుంచి ఆ మూత నన్ను విసిగిస్తూనే ఉంది. ఆయన జోడు పెట్టుకోడు. పాడవుతుందని డబ్బాలో పెడతాడు. డబ్బాలో దుమ్ము పడుతుందని డబ్బాను చొక్కా జేబులో పెట్టుకుంటాడు. మొత్తం మీద మా ఇంట్లో అన్నిటికంటే భద్రంగా ఉన్నది ఆ జోడే.

నా ఉద్యోగం ప్రమాదాలు జరగకముందే చెప్పడం. మా ఊళ్లో ఈ పని చేసే పెద్దమనిషి ముందే ఒకాయన ఉన్నాడు. ఆయన పంచాంగం చూసి చెబుతాడు, నేను కంప్యూటర్ చూసి చెబుతాను. ఆయనకు టెంకాయ కూడా ఇస్తారు.

సోలార్ పార్కులో ప్యానళ్లు కడగడానికి నీళ్ల ట్యాంకర్లు, సామాన్ల కోసం లారీలు తిప్పే ఒక కాంట్రాక్టరు ఆఫీసులో చేరాను. ప్రతి బండిలోనూ చిన్న పెట్టె ఒకటి బిగించారు. బండి ఎంత వేగంగా పోయింది, ఎక్కడ గట్టిగా బ్రేకు పడింది, మలుపులో ఎంత విసురుగా తిరిగింది, అన్నీ అది ఆఫీసుకు పంపుతుంది. డ్రైవరు బండెక్కగానే తన కార్డును పెట్టెకు తాకించాలి. ఇక ఆ పూట జరిగే మంచీ చెడూ అతని పేరు మీద పడతాయి. నెలాఖరుకు మార్కులను బట్టి ఒక్కొక్కరికీ ఒక రంగు వస్తుంది. ఆకుపచ్చ అంటే గుద్దడు. పసుపు అంటే గుద్దవచ్చు. ఎరుపు అంటే ఆ మాట వాళ్లింట్లో చెప్పి ఉంచడం మంచిది. ఇంతమందికి రంగులు వేసే నాకు బండి తోలడం రాదు. పావగడలోని నా గది నుంచి పార్కుకు షేర్ ఆటోలో వెళ్తాను, వెనక సీట్లో, కళ్లు మూసుకుని.

మా చిన్నాయన ఎరుపు.

మాది రాయచెర్లు. నాయన, చిన్నాయన వేరు పడలేదు. భూమి పార్కుకు కౌలుకిచ్చినందుకు మా కాంట్రాక్టరు ఇంటికొక పని ఇస్తానంటే, మా ఇంటికి ట్యాంకరు తోలే పని వచ్చింది. నాయన వయసులో గ్రానైట్ లారీలు తోలినవాడే గానీ, చూపు మందగించి ఎప్పుడో మానేశాడు. కాబట్టి కార్డు చిన్నాయన పేరున వచ్చింది. చిన్నాయన మాట్లాడినట్టే బండి తోలుతాడు. సాఫీగా పోతూ పోతూ ఉన్నట్టుండి ఆగుతాడు, తర్వాత తిడతాడు. దారికి అడ్డంగా గొర్రెలు వస్తే ఆ రెండూ ఒకేసారి జరుగుతాయి. అప్పటికి వరసగా రెండు నెలలు ఎరుపే. మూడోసారి వస్తే కార్డు ఆపేస్తారు, అంటే ఇంటి పని పోతుంది.

మేనేజరు తుమకూరు వైపు మనిషి, మెతక. డ్రైవర్లందరినీ షెడ్డు దగ్గర నిలబెట్టి కన్నడంలో చెప్పాడు. మళ్లీ నన్ను తెలుగులో చెప్పమన్నాడు. అక్కడ కన్నడం రానివాళ్లు లేరు. రెండు భాషల్లో చెబితే రెండింతలు అర్థమవుతుందని ఆయన నమ్మకం. నేను చెప్పాను: గట్టిగా బ్రేకు తొక్కితే మార్కులు పోతాయి.

మీటింగ్ అయ్యాక చిన్నాయన నన్ను పక్కకు పిలిచాడు.

"అంటే ఏందబ్బోడా, గొర్రెను గుద్దితే మార్కులు ఉంటాయా?"

"అట్లా కాదు చిన్నాయనా. బ్రేకు అవసరం రాకుండా నిదానంగా పోవాల."

"నిదానంగా పోతే ట్రిప్పులు తగ్గినాయని మీ సారు అంటాడు. మీరిద్దురూ యాడన్నా కూర్చోని ఒక మాట అనుకోని రాండప్పా. అంతవరకూ నేను ఇట్లే తోల్తా ఉంటా."

ఆ తర్వాత నెల చిన్నాయన ఆకుపచ్చకు తిరిగాడు. మా సీమలో అంత పచ్చదనం వానాకాలంలో కూడా చూడం. వేగం లేదు, విసురు లేదు, ఒక్కచోట కూడా గట్టి బ్రేకు లేదు. మేనేజరు నా కంప్యూటర్ తెరను మిగతా డ్రైవర్లకు చూపించి, మనిషి తలుచుకుంటే మారతాడు అన్నాడు. మా చిన్నాయన గురించి అలాంటి మాట అన్నది లోకంలో ఆయనొక్కడే. ఆఫీసులో తనిఖీ ఉండి ఆ నెల నేను ఊరికి పోలేదు. పోయి ఉంటే మనిషి ఎందుకు మారాడో తెలిసేది. మారింది మనిషే.

మావాళ్లు ఒకప్పుడు మందలు కాసినవాళ్లు. నాలుగిళ్ల గొర్రెలు ఒక్క మందగా కలిపి, ఇంటికింతని వంతులు పెట్టుకుని తోలుకుపోయేవారు. ఒకరికి వీలు కాకపోతే వాళ్ల వంతుకు ఇంకొకరు పోయేవారు. కర్ర చేతిలో ఉన్నవాడే కాపరి, గొర్రెలకు అంతకంటే పట్టింపు లేదు. ఆ పద్ధతే మా ఇంట్లో ట్యాంకరుకూ పెట్టారు. ఎరుపు పోయేదాకా వంతు నాయనది. చిన్నాయన కార్డు తీసి ఆయన చేతిలో పెట్టాడు. ట్యాంకర్లు నీళ్లు పట్టుకునే చోట కాపలా ఉన్నాయనది మా ఊరే. అన్నదమ్ముల్లో ఎవరొచ్చినా ఆయన కంటికి అందులో వింతేమీ కనబడలేదు.

ఆ నెలాఖరులోనే ఒక మధ్యాహ్నం క్యాతగానచెర్లు దగ్గర ట్యాంకరు కాలవలో పడిందని ఫోనొచ్చింది. మేనేజరు నా వెనక నిలబడి తెర చూశాడు. పడేముందు బ్రేకు లేదు.

"నిద్రపోయాడేమో మీ చిన్నాయన," అన్నాడు.

ఇద్దరం జీపులో వెళ్లాం. పార్కు కంచె పక్క మలుపులో ట్యాంకరు ఒరిగి ఉంది. నీళ్లన్నీ బయటికి పోయి, అవి నిలిచిన చోటల్లా గొర్రెలు తాగుతున్నాయి. ట్యాంకరు నీడలో మా నాయన కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. పాదం ఉండాల్సిన వైపు లేదు. చిన్నాయన అప్పటికే బైకు మీద వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఈ పెద్దాయన ఎవరు?" అన్నాడు మేనేజరు.

"మా అన్న సార్. బండి తోలింది ఆయనే," అన్నాడు చిన్నాయన. ఇంకేం అడగక ముందే, "కార్డు నేనే ఇచ్చినా" అని కూడా అన్నాడు.

నేను నాయన దగ్గర కూర్చున్నాను.

"బ్రేకు ఎందుకు తొక్కలేదు నాయనా?"

"తొక్కితే మార్కులు పోతాయంటివంట గదప్పా. మీ చిన్నాయన మరీ మరీ చెప్పినాడు. దగ్గరికొచ్చినాక కనపడె గొర్రెలు. పక్కకు తిప్పితి."

"గొర్రెలకేమన్నా అయిందా?"

"ఏమీ కాలే. తాగతా ఉండాయి చూడు."

జోడు ఏదని అడిగాను. జేబు తడిమి డబ్బా తీశాడు. జోడు చెక్కుచెదరలేదు. మూత ఎప్పటిలాగే తెరుచుకుని ఉంది.

నాకు ఏదో ఒకటి అనిపించాల్సింది. అనిపించలేదు. బండిలో పెట్టె ఇంకా పనిచేస్తూనే ఉంటుందని, బండి నిలబడి ఉన్నట్టు ఆఫీసుకు పంపుతూ ఉంటుందని మాత్రం గుర్తొచ్చింది. అది అబద్ధం కూడా కాదు. పడుకున్న బండికి ఆ పెట్టెలో వేరే మాట లేదు. జీపు వెనక సీటు ఖాళీ చేసి నాయనను ఎక్కించాం. పావగడ ఆసుపత్రిలో పిండికట్టు వేశారు. వేస్తున్నంతసేపూ నేను గోడ మీది క్యాలెండరులో సెలవులు చదివాను.

మేనేజరు కఠినుడు కాదు. చిన్నాయన కార్డు ఆపేశాడు గానీ, పని మీ ఇంటిదే, లైసెన్సుతో ఇంకో మగమనిషి ఎవరైనా వస్తే వాళ్ల పేరున ఇస్తాను, లేకపోతే ఇంకో ఇంటికి పోతుంది అన్నాడు. నా ముఖం చూడకుండా అన్నాడు. చిన్నాయనకు ఇద్దరూ ఆడపిల్లలు, బడికి పోతున్నారు. మా అమ్మానాయనలకు నేనొక్కడినే.

నాయనను ఇంటికి తెచ్చిన సాయంత్రం ఈ మాట అందరికీ చెప్పాను. నాయన మంచం మీద కట్టును వేలితో కొట్టి చప్పుడు వింటున్నాడు. అమ్మ లోపల పొయ్యి దగ్గర ఉంది. చిన్నాయన గడపలో కూర్చున్నాడు.

"ఈ నెల ఏం రంగు వచ్చెరా నాకు?" అన్నాడు.

"పచ్చే."

ఎవరూ నవ్వలేదు. నవ్వాల్సిన చోటే అది, కానీ నవ్వలేదు. చిన్నమ్మ మూల కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. చేతిలో కాయను పటుక్కున చిదిమి, గింజలు చేటలో వేసి, నావైపు చూసింది.

"ఎవురు గుద్దుతారో చెప్పింది చాలు. ఇంక వంతు నీది. పోయి బండి తోలేది నేర్చుకో."