గౌరమ్మ మిద్దె మీద గాలి మిషన్

బెంగళూరు పక్కన దేవనహళ్ళి దాటి పన్నెండు కిలోమీటర్లు పోతే గౌరమ్మ ఊరు. ముప్పయ్యేళ్ళుగా ఆమె పట్టుపురుగులు పెంచుతోంది. కన్నబిడ్డలకైనా ఎప్పుడో ఒక పూట ఆలస్యంగా అన్నం పెట్టిందేమో గానీ, పురుగులకు మల్బరీ ఆకు వేసే వేళ మాత్రం ఎన్నడూ తప్పలేదు. "పురుగు నోరు తెరిచి అడగదు, మనమే తెలుసుకోవల్ల" అంటుంది.

అలాంటి మనిషికి నిరుడు వరుసగా రెండు పంటలు పోయాయి. ఊరి పక్క కంకర క్రషర్ వచ్చినప్పటి నుంచి, లారీలు తిరిగే మట్టిరోడ్డు దుమ్మంతా ఆమె మల్బరీ తోట మీదే. దుమ్ము పట్టిన ఆకును పురుగులు ముట్టవు. కడిగి వేద్దామంటే తడి ఆకుతో వాటికి జబ్బు చేస్తుంది. పంచాయతీలో మొత్తుకుంటే, "దుమ్ముందని రుజువేది?" అన్నాడు అధ్యక్షుడు తిమ్మరాయప్ప. మూడో పంట కూడా పోతే ఇక తోట పీకేసి, ఏ కూలిపనికో పోవాల్సిందే.

ఆ రుజువు కోసమే నేను రంగంలోకి దిగాను. నా పేరు ఫర్హానా. మాది నంద్యాల, ఉద్యోగం బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో. సెలవు రోజుల్లో మేం నలుగురం స్నేహితులం పల్లెల్లో గాలిని కొలిచే మిషన్లు బిగిస్తుంటాం. టిఫిన్ డబ్బా అంత తెల్లటి పెట్టె అది. గాలిలో దుమ్మెంత ఉందో గంటగంటకూ మా ఫోన్లకు పంపుతుంది. నెల రోజుల అంకెలు చూపిస్తే పంచాయతీ వినక తప్పదు. గౌరమ్మ మిద్దె మీద ఒకటి బిగించి, "ఆంటీ, దీన్ని జాగ్రత్తగా చూసుకోండి" అని చెప్పి వచ్చాను. ఆ మాటే మా కొంప ముంచింది.

మొదటి రెండు రోజులూ అంకెలు ఎర్రగా వచ్చాయి, అంటే దుమ్ము బాగా ఉందని. తర్వాత ఆఫీసు పనిలో పడి మూడు వారాలు నేను వాటి మొహమే చూడలేదు. చూసేసరికి అన్నీ పచ్చగా ఉన్నాయి. మేం పెట్టిన ఇరవై మిషన్లలోకీ శుభ్రమైన గాలి గౌరమ్మ మిద్దె మీదే. ఆ అంకెల ముందు ఊటీ కూడా సిగ్గుపడాలి.

మిషన్ చెడిపోయిందనుకుని తిట్టుకుంటూ బండెక్కి వెళ్ళాను. మిద్దెక్కి చూద్దును గదా, పెట్టెకు గులాబీరంగు గలీబు. అంచుకు లేసు, అడుగున రెండు గుండీలు. కింద ఇంట్లో మిక్సీకీ, టీవీకీ, గ్యాసు సిలిండరుకూ తొడిగినట్టే.

"ఇదేంటి ఆంటీ?"

"దుమ్ము పడి చెడిపోతాది కదా తల్లీ. నువ్వే కదా జాగ్రత్త అన్న్యావు. ఉతికి మార్చేకి ఇంకోటి కూడా కుట్టి పెట్టినా."

"అది పెట్టిందే దుమ్ము కొలవడానికి."

గౌరమ్మ ముఖం పాలిపోయింది. "అయితే నా రుజువుకు నేనే ముసుగేసుకుంటినా?" అంటూ మెట్టు మీద కూలబడింది. నాకు ముందు ఏడుపొచ్చింది. కానీ ఎంతో శ్రద్ధగా కుట్టిన ఆ గుండీలు చూసేసరికి నవ్వాపుకోలేకపోయాను. కాసేపటికి ఆమె కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

గలీబు తీసేశాం. అంకెలు ఆ సాయంత్రానికే మళ్ళీ ఎర్రబడ్డాయి. కానీ పంచాయతీ సభకు ఇంకా వారమే ఉంది.

సభ కన్నడంలో మొదలై, కోపాలు పెరిగేసరికి తెలుగులోకి దిగింది. తిమ్మరాయప్ప మా అంకెల కాగితం అటూ ఇటూ తిప్పి, "మూడు వారాలు గాలి బాగుండాది అని మీ కాగితమే చెప్తా ఉండాది. మిగతా తొమ్మిది దినాల దుమ్ముకు ఇంత రామాయణమా?" అన్నాడు. క్రషర్ మేనేజరు మీసాల చాటున నవ్వాడు. నిజం చెబితే గౌరమ్మ పరువు పోతుంది, చెప్పకపోతే పంట పోతుంది.

ఆమే లేచింది. సంచిలోంచి గలీబు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ మూడు వారాలూ మిషన్‌కు ఇది తొడిగినానప్పా. తెలీక చేసిన తప్పు."

సభంతా గొల్లున నవ్వింది. నవ్వులు ఆగేదాకా ఆమె కదలకుండా నిలబడింది.

"జానెడు గుడ్డ కప్పితేనే దుమ్ము లోపలికి పోలేదని ఆ కాగితం చెప్తా ఉండాది కదా. మీ లారీలకు టార్పాలిన్ కప్పితే, దోవకు నీళ్ళు కొడితే, నా తోటలో దుమ్మెందుకు పడతాది? కప్పకూడని దాన్ని నేను కప్పితిని. కప్పాల్సిన దాన్ని మీరు కప్పలే. నా తప్పు నేను ఒప్పుకొంటిని. ఇంక మీ వంతు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. తిమ్మరాయప్ప మేనేజరు వైపు తిరిగి, సోమవారం నుంచి టార్పాలిన్ లేని లారీ ఊళ్ళోకి రాకూడదన్నాడు. రోడ్డుకు పొద్దునా సాయంత్రం ట్యాంకరుతో నీళ్ళు కొట్టాలన్నాడు. ఒకరోజు ట్యాంకరు రాకపోతే గౌరమ్మ నాకు ఫోన్ కూడా చెయ్యలేదు. నేరుగా వెళ్ళి లారీలకు అడ్డంగా కూర్చుందట. మహా ఇల్లాలు.

మూడో పంటకు పురుగులు తెచ్చి వేసిన కొన్నాళ్ళకు నన్ను రమ్మంది. కాళ్ళూ చేతులూ కడిగించి పురుగుల ఇంట్లోకి తీసుకెళ్ళింది. తట్టల్లో తాజా ఆకు పరిచి, మాట్లాడొద్దని వేలు చూపించింది. కాసేపటికి చుట్టూ పూరికప్పు మీద చినుకులు పడుతున్నట్టు సన్నటి చప్పుడు మొదలైంది.

"తింటా ఉండాయి తల్లీ" అంది గౌరమ్మ. "ఈ సద్దు విని ఏడాదాయె."

ఆమె చెయ్యి పట్టుకుని, ఆకంతా అయిపోయేదాకా అక్కడే నిలబడి విన్నాను.