తెరచాప స్తంభం మీద చిక్కుకున్న ఆదివారం

మా అక్క భర్త స్టీలుప్లాంటులో క్రేన్ నడిపేవాడు. రిటైరయ్యాక చేతులు ఊరుకోక, ఓ విదేశీ జంట ఇక్కడి హార్బరులోనే అమ్మేసి వెళ్లిపోయిన పాత తెరచాప పడవ కొన్నాడు. అక్కకి ఆ పడవంటే గిట్టదు. అయినా ఆదివారం చర్చి అయ్యాక ముగ్గురం దువ్వాడ నుంచి హార్బరుకి వచ్చేవాళ్లం.

ఆ రోజు తెరచాప స్తంభం కాస్త కుడికి ఒరిగి కనిపించింది. దాన్ని నిలబెట్టే స్టీలు వైర్లలో ఎడమవైపువి వదులయ్యాయి. బావ కింద స్క్రూలు కొంచెం కొంచెంగా బిగించి, స్తంభానికి కన్ను ఆనించి పైకి చూశాడు.

"పైన వైరు పిన్ను సరిగ్గా కూకుందో లేదో సూడాల. మన ముగ్గుర్లో బరువు తక్కువ నువ్వేనే" అన్నాడు నాతో.

స్తంభం పైకి మనిషిని లాగడానికి వాడే గుడ్డ కుర్చీలో కూర్చున్నాను. పెద్ద తెరచాపను ఎత్తే తాడుకే కుర్చీ కట్టి నన్ను పైకి లాగారు.

పిన్ను బాగానే ఉంది. "దించు బావా" అని అరిచాను. జానెడు దిగి ఆగిపోయాను. తాడు స్తంభం కొసనున్న కప్పీ గాడిలోంచి జారి పక్క సందులో ఇరుక్కుంది. బావ లాగినకొద్దీ ఇంకా బిగుసుకుంది.

"ఏటయిందండీ?" కింద అక్క గొంతు.

"కప్పీలో పట్టేసింది. కదలకుండా కూకోమను."

కదలకుండా ఎలా? హార్బరు ఛానల్లో ఓడల్ని లాగే టగ్గు పోతే కింద పడవ కొంచెమే ఊగేది. పైన నేను మాత్రం నీళ్ల మీదకి వాలిపోయి, మళ్లీ ఇటు ఊగొచ్చి, స్తంభాన్ని కావలించుకునేదాన్ని. కుర్చీ అంచు తొడల్ని కోసేస్తోంది. ఒడ్డున చేపలమ్మే ఆడవాళ్లు తలెత్తి చూస్తున్నారు. చుట్టూ అంతా ఖాళీయే, అయినా నాకు ఊపిరాడలేదు.

చివరికి బావ, పడవ ముందువైపు ఉండే చిన్న తెరచాపను ఎత్తే తాడు కొసను పైకి పంపాడు. కుర్చీకి కట్టుకున్నాను. వాళ్లిద్దరూ దాన్ని బిగించి పట్టారు. ఇక మొదటి తాడు ముడి విప్పాలి. అంతసేపూ నన్ను మోసింది ఆ ముడే. వేళ్లు దానిమీద పెట్టి, మళ్లీ వెనక్కి తీసుకున్నాను.

"ఇప్పవే" అంది అక్క.

"నావల్ల కాదు."

"నాను పట్టుకున్నాను. మీ బావొక్కడే కాదు, నానూ పట్టుకున్నాను. ఇప్పు."

విప్పాను. ఒక్క కుదుపుతో జారి, నిలిచాను. తర్వాత మెల్లగా దించారు. అక్క అరచేతులు కమిలిపోయాయి. ఆ చేతులతోనే నాకు మంచినీళ్లు పట్టింది.

ఇంటికి పోదామనుకున్నాను. స్తంభం నిటారుగా నిలిచింది, గాలి బాగుందన్నాడు బావ. పెద్ద తెరచాప తాడు పైనే ఇరుక్కుని ఉంది కాబట్టి ముందున్న చిన్న తెరచాపతోనే సముద్రంలోకి వెళ్లాం. దాన్ని సర్దే తాడు నా చేతికిచ్చాడు.

"మరీ బిగించేత్తన్నావ్. అంచు రెపరెపలాడేదాకా వదులు, అప్పుడు కొంచెం లాగు. లేకపోతే పడవ నడవదు."

అర్థమైంది. పిడికిలే తెరుచుకోలేదు. పడవ ఒక పక్కకి వాలిపోయి, ముందుకు సాగక ఈడ్చుకుంటోంది.

"వదలవే" అన్నాడు మళ్లీ.

నేను స్తంభం పైకి చూడకుండా, ఆ తాడును ఇంకా గట్టిగా పట్టుకున్నాను.