రంగు పోయిన రేకు బొమ్మలు

2022 ఎండాకాలం. జనగామ బస్టాండు వెనక సందులో నాది చిన్న పాలిషింగ్ షాపు. ఇత్తడి బిందెలు, గుడి గంటలు, పాత బండ్ల భాగాలు తెచ్చేవారు. ముందు స్ట్రిప్పింగ్ చేస్తాం, అంటే మందునీళ్లలో ముంచి పాత రంగు, తుప్పు ఊడగొట్టడం. తర్వాత బఫింగ్, అంటే తిరిగే గుడ్డ చక్రానికి ఆనించి మెరుపు తేవడం.

ఒకరోజు సరోజన అనే ఆమె మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చింది. ఆమె భర్త రాజమల్లు భూపాలపల్లి బొగ్గుబావిలో పనిచేసి రిటైరయ్యాడు. కంటి ఆపరేషన్‌కు కొడుకుతో హైదరాబాద్ పోతే, ఈమె తరిగొప్పులలో తమ్ముడి ఇంటికి వచ్చింది. డబ్బా నిండా బొటనవేలంత రేకు బొమ్మలు. రైలింజను, విమానం, ఈల, గుర్రం, ఇంకా ఎన్నో.

"ఇవేందక్కా?"

"ఎనకట తినుబండారాల డబ్బాలల్ల బహుమానం ఏసేటోళ్లట అన్నా. మా ఆయన ముప్పై ఏండ్ల సంది జమ చేసిండు. మానుకోట అంగడైనా, కురవి జాతరైనా పాత సామాన్ల కాడ్నే కూసుంటడు. కండ్లు మంచిగై ఇంటికొచ్చేసరికి ఇవి తళతళ మెరవాలె."

ఒక బొమ్మను వెలుతురులో తిప్పి చూశాను. తుప్పు కింద ఎర్రని చారలు, కంపెనీ పేరు అచ్చు కనబడ్డాయి. ముంచితే అవి పోతాయని నాకు తెలుసు. చెప్పలేదు. చెబితే డబ్బా వెనక్కి తీసుకుపోతుందేమో అనిపించింది. సాయంత్రానికి అన్నీ వెండిలా మెరిశాయి. ఆమె సంబరపడుతూ తీసుకుపోయింది.

పది రోజులకు ఇద్దరూ వచ్చారు. రాజమల్లు నల్లద్దాలు తీసి రైలింజనును కళ్ల దగ్గర పెట్టుకున్నాడు.

"దీని మీద రంగుండె. పేరుండె. గిప్పుడు గిది ఉత్త రేకు ముక్క," అన్నాడు. తర్వాత భార్య మీదికి తిరిగాడు. "నిన్ను ఎవలు ముట్టుమన్నరు? ముప్పై ఏండ్లది ఒక్క దినంల నాశనం చేసినవ్."

"నాకెట్ల తెలుస్తది? చేసినాయన గూడ ఏమనకపాయె," అంటూ ఆమె నా వైపు చూసింది.

"అక్క చెప్పినట్టే చేసినమన్నా," అన్నాను నేను.

అతను డబ్బాను బల్ల మీదే వదిలి పోతుంటే, ఆమె దాన్ని చంకన పెట్టుకుని వెనక నడిచింది.

ఏడాది తర్వాత వేరే పని మీద భూపాలపల్లి పోయినప్పుడు వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. రాజమల్లు ఇంట్లో లేడు. రంగు పోతుందని నాకు ముందే తెలుసని, తప్పు నాదేనని సరోజనకు చెప్పాను. ఆమె గడపలో నిలబడే విన్నది.

"ఇప్పటికీ ఇంట్ల తన వస్తువు ఏదీ ముట్టనియ్యడు. సుట్టాల ముంగట గదే ముచ్చట చెప్తడు. ఆనాడు ఆయన ముంగట అనాల్సింది అన్నా. ఇప్పుడు నాకు చెప్తె ఏం ఫాయిదా?"

"ఆయన వచ్చేదాక కూసుంట. ఆయనకు గూడ చెప్త."

"వద్దు. మల్ల లొల్లయితది. మల్ల నన్నే తిడ్తడు," అని తలుపు వేసుకుంది.

ఇప్పుడు ఏ పాత వస్తువు వచ్చినా, అది ఎవరిదో అడుగుతాను. ముంచితే ఏం పోతుందో చూపిస్తాను. చాలామంది వెనక్కి తీసుకుపోతారు. నేను ఇంత నేర్చుకున్నందుకు సరోజనకు ఒరిగింది మాత్రం ఏమీ లేదు.